శవయాత్రయు మార్గమర్యాదయు

వీథివెంట శవము సాగిపోవుచుండఁగా అరుగుమీఁదఁ గూర్చున్నవాఁడు లేచి నిలుచును. ఎదురుగా వచ్చు బండి ప్రక్కకుఁ దొలఁగును. అంగడివాఁడు తలుపు సగము మూయును. బాటసారి పాదరక్షలు విడిచి, పోయినవాఁ డెవ్వఁడో యెఱుఁగకయే చేతులు మోడ్చి, శివనామమో నారాయణనామమో యుచ్చరించును. ఆంధ్రదేశమునఁ బల్లెలయందును బట్టణములయందును నేఁటికిని గానవచ్చు నీ యాచారమును ఎవ్వరును బడిలో నేర్పలేదు; పిల్లలు పెద్దలఁ జూచి నేర్చుకొనిరి. దీనికి మూలమేమి యను విచారము చేయఁదగియున్నది.

సామాన్యముగాఁ జెప్పఁబడు సమాధాన మొక్కటి కలదు. శవ మశుచి; దాని స్పర్శమువలన మైల గలుగును; కావున జనులు తొలఁగుదురు; తొలఁగుటయే కాలక్రమమున మర్యాద యయ్యెను అని. పైపైనఁ జూచినచో నిది యుక్తముగాఁ దోఁచును. కాని మైలకు వెఱచువాఁడు లోనికిఁ బోయి తలుపు మూసికొనవలెను. లేచి నిలిచి నమస్కరింపఁ బనిలేదు. వెఱచువాఁడు వెంట నడువఁడు. మన జనులో, నిలుతురు, నమస్కరింతురు, నాలుగడుగులు వెంట నడుతురు, పిలువకయే పాడెకు భుజ మిత్తురు. ఈ పనులు ఆశౌచభయమునఁ బుట్టినవి కావు. బాటసారికి బాటపై నుండువారు చేయు మర్యాదలు. మృతుఁడు ప్రయాణికుఁ డను భావమే వీనికి మూలమని శబ్దములను, శాస్త్రములను, దేశాచారమును బరిశీలించినచోఁ దేటపడును. అయితే ఆ మర్యాద యెవరి శవమునకుఁ జెల్లినది, ఎవరి శవమునకుఁ జెల్లలేదు అను ప్రశ్నయు దానితోడనే పుట్టినది. మొదటిదానిని మాత్రము చెప్పి రెండవదానిని విడిచుట చరిత్రకు న్యాయము గాదు.

మొదట శబ్దవిచారము. శవశబ్దము గత్యర్థకమైన శవధాతువునుండి వచ్చినది. యాస్కుఁడు నిరుక్తమునందును, పతంజలి మహాభాష్యపు పస్పశాహ్నికమునందును, దేశభేదమున శబ్దప్రయోగము భేదించుటకు దీనినే యుదాహరణముగాఁ జూపిరి. పోవుట యను నర్థమున నా ధాతువు క్రియారూపమునఁ గాంబోజులయందే వాడుకలో నున్నదనియు, ఆర్యులు దానినుండి కలిగిన శవశబ్దమును మాత్రమే వాడుదురనియు వారి మాట. వైయాకరణులు సామాన్యముగా దీనిని, ధాతువొకచోటను దజ్జన్యమైన నామ మింకొకచోటను నిలుచుట కుదాహరణముగాఁ జదివి ముందునకుఁ బోవుదురు. కాని యర్థమునందుఁ గొంత నిలిచి చూడవలసియున్నది. కదలలేని కాయమునకు గతివలనఁ బేరు వచ్చినది. పేరు పెట్టినవారు దానిని బడియున్న వస్తువుగాఁ గాక పోవుచున్నవానిగాఁ జూచిరనుట కిది గుఱుతు.

ప్రేతశబ్దము నట్టిదే. ప్రపూర్వకమైన ఇణ్ ధాతువునకుఁ గర్త్రర్థమున క్తప్రత్యయము రాఁగా, ముందునకుఁ బోయినవాఁడని యర్థము. పరేతశబ్దమున దూరముగాఁ బోయినవాఁడని యర్థము. అమరసింహుఁడు మృతునికిఁ జెప్పిన పర్యాయములయందు ఈ రెండును బ్రక్కప్రక్కనే యున్నవి. ప్రేతశబ్దమునకు నేఁడు లోకమునఁ బ్రసిద్ధమైన దయ్యమను నర్థము తరువాత వచ్చి చేరినది. అవయవార్థమునందు భయలేశమును లేదు.

తెలుఁగు పలుకుబడియు నీ త్రోవనే నడిచినది. మనవారు 'చచ్చినాఁడు' అనుటకు జంకి 'పోయినాఁడు' అందురు. పాడెకు జనులు పెట్టిన పేరు 'ఏడుకట్ల సవారి'. సవారి యనఁగా వాహన మెక్కి పోవుట. అన్నిటికంటెను 'సాగనంపుట' యను మాట గమనింపఁదగినది. కూఁతు నత్తవారింటికిఁ బంపునపుడును, చుట్టమును బొలిమేర దాఁటించునపుడును, మృతుని గాటికిఁ గొనిపోవునపుడును తెలుఁగువాఁ డీ యొక్క మాటయే వాడును. ఈ మూఁడు ప్రయాణములకును వెంట నడుచుటయే మర్యాద.

శ్రుతియందును నీ భావమే కలదు. ఋగ్వేదము పదవ మండలమందలి 14వ సూక్తమున, యముఁడు మొదట నా త్రోవఁ గనిపెట్టినవాఁడుగాఁ జెప్పఁబడెను. పూర్వులు పోయిన త్రోవలనే పొమ్మనియు, త్రోవ కావలి కాచు నాలుగు కన్నుల కుక్కలు రెంటిని దాఁటి పొమ్మనియు మృతునితోఁ బలుకుదురు. 18వ సూక్తమున మృత్యువును మాత్రము దేవయానముకంటె వేఱైన తన త్రోవఁ బట్టి పొమ్మందురు. తొలఁగింపఁబడునది మృత్యువు, సాగనంపఁబడువాఁడు మృతుఁడు. ఈ రెండింటికిని గల భేదమును గుర్తింపకపోవుటచేతనే ఆశౌచవాదము పుట్టినది.

ఆశ్వలాయన గృహ్యసూత్రము నాలుగవ యధ్యాయమున శవయాత్రాక్రమము వర్ణింపఁబడినది. ముందు అగ్నులును యజ్ఞపాత్రములును సాగును. వాని వెనుక బేసిసంఖ్యగల వృద్ధులు శవమును మోయుదురు. ఎద్దును బూనిన బండిపైఁ గొనిపోవుట కొందఱి మతము. వెనుక బంధువులు, జుట్టు విరియఁబోసికొని, పెద్దవాఁడు ముందును జిన్నవాఁడు వెనుకను నడుతురు. మరలివచ్చునపుడు వెనుదిరిగి చూడరాదు. ప్రియజనమును నీటి యొడ్డువఱకు ననుగమింపవలెనను పెద్దలమాటను గాళిదాసు శాకుంతలము నాలుగవ యంకమున శార్ఙ్గరవుని నోటఁ బలికించినాఁడు. అది యత్తవారింటికిఁ బోవు శకుంతలకై చెప్పఁబడినది. శవము వెంటఁ బోయినవారును దహనానంతరము నీటిలో దిగి యుదక మిచ్చియే మరలుదురు. రెండు ప్రయాణములకును హద్దు నీరే యైనది.

అనుగమనశబ్దమందలి 'అను' విషయమునను ఒక మాట చెప్పవచ్చును. పాణిని అనుశబ్దమునకుఁ గర్మప్రవచనీయసంజ్ఞ చేయు సూత్రములలో నొకటి హీనార్థమును జెప్పును. ఒకనికంటె నొకఁడు తక్కువవాఁడని చెప్పునపుడు అనుశబ్దమును వాడుదురు. అనుగమనమందలి 'అను' ఉపసర్గము గాని కర్మప్రవచనీయము గాదు. కావున నా యర్థ మిక్కడ శాస్త్రతః సిద్ధింపదు. అయినను వెనుక నడుచువాఁడు ముందుపోవువానికిఁ బ్రాధాన్య మిచ్చుచున్నాఁడను లోకానుభవము రెండింటికిని సమానము. బ్రతికియున్ననాఁ డెంత చిన్నవాఁడైనను, ఆ దినమున నా వీథిలో ముందు నడుచువాఁ డతఁడే.

ఇఁక ధర్మశాస్త్రము. త్రోవ యెవరికిఁ దొలఁగవలెనో మనువు రెండవ యధ్యాయమునఁ జెప్పినాఁడు. బండిపైఁ బోవువాఁడు, తొంబదియేండ్లు దాఁటిన వృద్ధుఁడు, రోగి, బరువు మోయువాఁడు, స్త్రీ, స్నాతకుఁడు, రాజు, పెండ్లికుమారుఁడు అని యెనమండ్రు. వీరిలో శవము లేదు. పెండ్లికుమారుఁ డున్నాఁడు గాని మృతుఁడు లేఁడు. యూదుల తాల్ముదునందు ఈ రెండింటిని ఎదురెదురుగా నిలిపి నిర్ణయము చేసిరి: పెండ్లికూఁతుఁ బల్లకియు శవయాత్రయు నెదురుపడినచో శవయాత్రయే ప్రక్కకుఁ దిరుగవలెను, అగ్రిప్ప యను రాజు పెండ్లికూఁతునకుఁ దాను దొలఁగఁగా పండితులు మెచ్చిరి. అయినను శవముఁ జూచి వెంట నడువనివాఁడు దరిద్రు నపహసించినవానితో సమానుఁడని యా గ్రంథమే మఱియొకచోటఁ జెప్పుచున్నది. కావున జీవితము ముందు, మృతుఁడు తరువాత యను క్రమము అగౌరవము గాదు. మనువు పట్టికయందు శవము ప్రత్యేకముగాఁ జెప్పఁబడకున్నను, శవవాహకులు బరువు మోయువారే గనుక, ఆ పదమున వారికిఁ ద్రోవ సిద్ధించుచున్నదని సమన్వయింపవచ్చును.

త్రోవ తొలఁగుటకంటె ముందు త్రోవ యుండవలెను. దాని విషయము కౌటిల్యుఁడు చెప్పినంత స్పష్టముగా నింకెవ్వరును జెప్పలేదు. 1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన నాఁటనుండి పండితలోకమునకు సులభమైన యర్థశాస్త్రమున, దుర్గనివేశాధికారమందు రథ్యల వెడల్పు నాలుగు దండములుగాఁ జెప్పఁబడినది. రాజమార్గమునకు ఎనిమిది దండములు. శ్మశానమునకుఁ బోవు మార్గమునకును ఎనిమిది దండములే. దండ మనఁగా నాలుగు మూరలు గనుక, నేఁటి లెక్కను శ్మశానమార్గము సుమారు 48 అడుగుల వెడల్పు గలది. రాజు పోవు బాటయు, పీనుఁగు పోవు బాటయు నొక్క వెడల్పే. ఆ మార్గము నడ్డగించినవానికి శిక్షయుఁ గలదు: ఏనుఁగుల బాట నడ్డగించినచో 54 పణములు, శ్మశానపు బాటనో గ్రామపు బాటనో యడ్డగించినచో 200 పణములు. శవద్వారమునఁ గాక వేఱొకద్వారమునను, శవమార్గమునఁ గాక వేఱొకమార్గమునను శవమును గొనిపోయినచోఁ బ్రథమసాహసదండము, అనఁగా 48 మొదలు 96 పణములవఱకు. పోనిచ్చిన ద్వారపాలకులకు 200 పణములు. అడ్డగించినవానికిఁ గల దండన తప్పుత్రోవఁ గొనిపోయినవాని దండనకంటె హెచ్చుగా నుండుట గమనింపఁదగినది.

రాజు బాటను ఎంత కాచినను శవ మచ్చటికి వచ్చియే తీఱునని యశ్వఘోషుఁడు బుద్ధచరితము మూఁడవ సర్గమునఁ జూపినాఁడు. శుద్ధోదనుఁడు కుమారుని విహారమునకై రాజమార్గమునుండి వృద్ధులను, రోగులను, వికలాంగులను దొలఁగింపించెను. అయినను దేవతలు మృతునొకనిఁ గల్పించిరి. నలువురు మోయఁగా, వెనుక నేడ్చువారు నడువఁగా, అలంకరింపఁబడి పోవు నితఁ డెవ్వఁడని కుమారుఁ డడిగెను. సర్వప్రాణులకు నిదియే తుదియని సారథి చెప్పెను. బాటప్రక్క నిలిచి శవముఁ జూచినవాని కథలలో దీనికంటెఁ బ్రసిద్ధమైనది లేదు. తొలఁగింపఁబడినవారందఱును బ్రతికియున్నవారు, తొలఁగింపలేకపోయినది శవమొక్కటియే.

ఇంతవఱకు మర్యాదపక్షము. ఆ గ్రంథములయందే రెండవ పక్షమును గలదు. కౌటిల్యుఁడు ఉత్తమవర్ణములకు ఉత్తరముననో తూర్పుననో, తక్కువవర్ణములకు దక్షిణమున శ్మశానభాగములను విధించి, అతిక్రమించినచో దండనయుఁ జెప్పినాఁడు. మనువు ఐదవ యధ్యాయమున శూద్రశవమును దక్షిణద్వారమునను, వైశ్యక్షత్రియబ్రాహ్మణశవములను వరుసగాఁ బశ్చిమోత్తరపూర్వద్వారములనుఁ గొనిపోవలెనని విధించినాఁడు. బాట వెడల్పు రాజునకును శవమునకును సమానము. శవమునకును శవమునకును మాత్రము సమానము కాదు.

అనధ్యాయప్రకరణమున నిది మఱింత స్పష్టము. ఊరిలో శవమున్నంతవఱకు వేదము చదువరాదని ఆపస్తంబ గౌతమ మను ధర్మశాస్త్రములు మూఁడును జెప్పుచున్నవి. ఆంధ్రదేశమున నాపస్తంబులు పెక్కండ్రు గనుక నీ యాచారము మనకుఁ జిరపరిచితము. ఊరిలో శవ ముండఁగా దేవాలయమున నివేదనము నిలుపుటయు, వీథిని శవము పోవునపుడు పాఠము చెప్పు గురువు గొంతు నాఁపుటయు నిట్టివే. ఇది మిక్కిలి సుందరమైన మర్యాద: పోవువాఁడు పొలిమేర దాఁటువఱకు దేవుఁడును వేదమును వేచియుండుట. కాని సూత్రమును బూర్తిగాఁ జదువవలెను. ఆపస్తంబుఁడు ఊరిలో శవమున్నపుడని చెప్పిన వెంటనే ఊరిలోఁ జండాలుఁ డున్నపుడని చెప్పును. గౌతముఁడు దుర్గంధమును, శవమును, చండాలుని, శూద్రుని నొక్క సమాసమున బంధించి, వారి సన్నిధి ననధ్యాయము విధించును. మనువు శవమును వృషలుని నొక్క శ్లోకార్ధమునఁ జెప్పును. ద్వంద్వసమాసమునఁ జేరిన పదములు క్రియతో సమానముగా నన్వయించును. చనిపోయినవానికై మౌనము వహించుటయు, బ్రతికియున్నవాని యెదుట మౌనము వహించుటయు నొక్క విధివాక్యమునఁ జేరుటచే, మొదటిదానియందలి గౌరవము రెండవదానియందలి తిరస్కారముతోఁ గలసిపోయినది. ఈ యాచారమునందు మంచిది తీసికొనువారు ఆ సమాసమును విగ్రహింపక తీఱదు.

దిక్కులేని శవము విషయమున స్మృతులు మాఱుచు వచ్చిన క్రమ మిందుకుఁ దోడ్పడును. మనుస్మృతి పదవ యధ్యాయమున, బంధువులు లేని శవమును గొనిపోవుట చండాలుర పనిగాఁ జెప్పఁబడినది. అనఁగా నది యెవరును గోరని బరువు. పరాశరస్మృతి మూఁడవ యధ్యాయమున దృష్టి మాఱినది. అనాథుఁడైన బ్రాహ్మణుని శవమును మోసిన ద్విజులకు అడుగడుగునను యజ్ఞఫలము కలుగుననియు, వారికి నశుభ మేమియు లేదనియు, నీట మునిఁగినంతనే శుద్ధి యనియుఁ జెప్పఁబడినది. పదునాలుగవ శతాబ్దమున విజయనగరమున మాధవాచార్యుఁడు దీనికి వ్యాఖ్య రచించుటచే నీ స్మృతి మనదేశమున మిక్కిలి వ్యాపించెను. తరువాత లోకము మఱియొక యడుగు ముందునకు వేసినది. అనాథప్రేతసంస్కారమునఁ గోటియజ్ఞఫలము కలదని జను లనుమాటయందు బ్రాహ్మణపదము లేదు. ఎవరును వ్రాయఁబనిలేకయే లోకము ఆ విశేషణమును దొలఁగించినది. విశేషణము పోఁగా విశేష్యము వ్యాప్తి నొందుట తర్కము నెఱిఁగినవారికి విశదమే.

తెలుఁగుదేశపు హరిశ్చంద్రకథకుఁ గల ప్రాణ మీ యనాథశవమే. పదునైదవ శతాబ్దమున గౌరన ద్విపదగా రచించిన యా కథయందు, చంద్రమతి కొడుకును ఒంటరిగాఁ గాటికిఁ దెచ్చుకొనును. ముందు నిప్పు లేదు, వెనుక బంధువు లేఁడు, త్రోవ తొలఁగు జనము లేదు. కాటికాపరి సుంక మడుగును. రాజకుమారుని శవయాత్ర యట్లు జరుగుటయే శ్రోత గుండెను గరఁగించును. ఆ నాటకము ప్రదర్శింపఁబడునపుడు జాషువ రచించిన శ్మశానపద్యములు దానియందుఁ జేరి, రాజును బేదయు నొక్క మట్టిలోఁ గలియుదురను భావమును ఆంధ్రదేశమంతటను వినిపించినవి. శ్మశానమున సమత్వము కలదని యందఱును జప్పట్లు గొట్టిరి. శ్మశానమునకుఁ బోవు త్రోవలో సమత్వము కలదా యని యడిగినవారు కొందఱే.

దేశాచారమును గొంత వివరింపవలెను. శవము ముందు శంఖమును జేగంటయు మ్రోయించుచు దాసరి నడుచును, డప్పులు మ్రోయును. ఈ ధ్వనులకుఁ బలువురు పలుకారణములు చెప్పుదురు గాని, త్రోవ తొలఁగుఁడని చెప్పుట వీని ప్రత్యక్షప్రయోజనము. పేలాలును బూవులును జిల్లర నాణెములును బాటపైఁ జల్లుదురు. తరువాత నడుచువారు వానిని ద్రొక్కక తొలఁగి పోవుదురు. సగము త్రోవలో దింపుడుకళ్లమువద్దఁ బాడెను దించి, మృతుని చెవికడఁ బేరుపెట్టి మూఁడుమాఱులు పిలుతురు. ప్రాణ మింకను మిగిలియున్నదేమో యను నాశ దానికి మూలము. తీఱని యాశకు 'దింపుడుకళ్లపుటాశ' యని తెలుఁగున సామెతయైనది. భుజములు మాఱుటకును, దారిలోఁ గలసినవారు చేరుటకును నక్కడ వీలు గలుగును. బయలుదేఱినవానికి ఏడుపు లేని శవ మెదురగుట శుభశకునమని ముహూర్తగ్రంథములు చెప్పుటయు నిచ్చటఁ దలఁపఁదగినది. శవము కేవల మమంగళమే యైనచో నీ మాట పొసఁగదు.

హైదరాబాదునందును, తెలుఁగుదేశపు టితర నగరములందును మహమ్మదీయుల జనాజా పోవునపుడు, బాటసారులు పరుగున వచ్చి కొన్ని యడుగులు భుజ మిచ్చి తొలఁగుదురు. వారి వెనుక మఱికొందఱు వత్తురు. పరిచయ మక్కఱలేదు. 870వ సంవత్సరమునఁ గాలధర్మము నొందిన బుఖారీ సంకలనమందు దీనికి సంబంధించిన యొక వృత్తాంతము కలదు. ప్రవక్త యెదుట నొక శవయాత్ర పోవఁగా నతఁడు లేచి నిలిచెను. అది యూదుని శవమని చెప్పఁగా, అదియు నొక ప్రాణము గాదా యని యడిగెను. తరువాతికాలమున ప్రవక్త నిలుచుట మానెనని అలీ చెప్పిన మాటనుబట్టి, నిలుచుట యావశ్యకమా కాదా యని ధర్మవేత్తలు భేదించిరి. విధి విషయమున భేదము కలదు గాని, ఆ ప్రశ్న విషయమున భేదము లేదు. పోవువాఁడు తనవాఁడా పరుఁడా యని చూడక నిలుచుట యా ప్రశ్నయందలి సారము. మనదేశపుటరుగుమీఁదినుండి లేచువాఁడును ఆ ప్రశ్న వినకయే దానికి సమాధానము చెప్పుచున్నాఁడు.

ఇఁక నవీనకాలము. 1860 నాఁటి భారతీయ దండసంహిత 297వ ప్రకరణమున, ఇతరుల మనస్సు నొప్పించు నుద్దేశముతో శవమును అవమానించుటయు, అంత్యక్రియకై కూడినవారికి విఘ్నము కలిగించుటయు నేరములుగాఁ జెప్పఁబడెను. 2024 జూలై 1వ తేదినుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయందు ఆ నియమమే 301వ ప్రకరణముగా నున్నది. మర్యాదతో నుండు హక్కు జీవించినవారికే గాక మృతదేహమునకును గలదని 1995లో సర్వోన్నతన్యాయస్థానము చెప్పెను. ఇల్లు వాకిలి లేని యనాథులకుఁ దగిన యంత్యక్రియ జరుగవలెనని 2002లో మరలఁ జెప్పెను. పరాశరస్మృతి పుణ్యముగాఁ జెప్పినది ఇట్లు హక్కుగా మాఱినది. 1989 నాఁటి మోటారుబండ్ల మార్గనియమములందు రోగిని గొనిపోవు బండికి అందఱును ద్రోవ యియ్యవలెనని యుండెను. ఊరేఁగింపును దాఁటునపుడు గంటకు 25 కిలోమీటర్లకు మించరాదని యుండెను. 2017లో నా నియమముల స్థానమునఁ గ్రొత్తవి వచ్చినవి. ఆ 1989 నాఁటి పట్టికయందును రోగి యున్నాఁడు, శవము ప్రత్యేకముగా లేదు. మనువు పట్టికయు నట్టిదే. రెండు కాలములందును శాసనము విడిచిన చోటును ఆచారమే పూరించినది.

పట్టణములయం దిప్పుడు పాడె భుజములు దిగి వైకుంఠరథ మెక్కినది. ఆశ్వలాయనుఁడు పేర్కొన్న బండి మరలివచ్చినదనుకొనవచ్చును; మనువు పట్టికయందు మొదటివాఁడైన బండివాని స్థానము మృతునకు దొరకిన దనియుఁ జెప్పవచ్చును. కాని బండి వేగమున నడచువాఁడు వెంట రాలేఁడు. నిలిచినవాఁడు చేతులు మోడ్చునంతలో నది మలుపు తిరుగును. అనుగమనము పోయి నిలుచుట మాత్రమే మిగిలినది. నిలుచుటకును దీఱిక లేని కాల మిది గనుక, ఆ మిగిలినదానిని గాచుకొనుట మఱింత యవసరము.

అయినను నిజమైన పరీక్ష వేగమునందు లేదు. 2019 ఆగస్టు మాసమున వేలూరు మండలమందు వాణియంబాడి సమీపమున, శ్మశానమునకుఁ బోవు త్రోవలోని పొలములవారు దారి నియ్యకపోఁగా, దళితులు తమవాని శవమును పాలారుమీఁది వంతెననుండి త్రాళ్లతోఁ గ్రిందికి దించుకొని పోవలసివచ్చెను. మద్రాసు ఉన్నతన్యాయస్థానము దానిని దనంతఁ దానే విచారణకుఁ గైకొనెను. 2020 ఏప్రిలులో అంటువ్యాధిచే మృతుఁడైన వైద్యునొకని శవమును చెన్నపురియందుఁ బూడ్చనీయక జనులు రాళ్లు రువ్విరి. మొదటిది కులమువలనఁ గలిగిన యడ్డు. రెండవది భయమువలనఁ గలిగిన యడ్డు. శ్మశానమును అందఱును సమానముగా వాడుకొనుట నడ్డగించుట 1955 నాఁటి శాసనముచేతను, 2015లో సవరింపఁబడిన యత్యాచారనిరోధశాసనముచేతను నేరము. కౌటిల్యుఁడు విధించిన 200 పణములును ఈ నేరమునకే. అన్ని కులముల శవముల ముందును డప్పు మ్రోయించి త్రోవ చేసినవారు ప్రాయికముగా మాదిగలు. ఊరందఱికిఁ ద్రోవ యడిగినవారి శవమునకుఁ ద్రోవ లేకపోవుటకంటె ఋణవిస్మరణము వేఱొకటి లేదు.

ఇంతకుఁ దేలిన దేమన: శవయాత్రకు బాటపైఁ జేయు మర్యాద మైలకు వెఱచి చేయునది గాదు, పోవువానికిఁ జేయునది. త్రోవ తొలఁగుట, నిలుచుట, వెంట నడుచుట, భుజ మిచ్చుట అని యది నాలుగు విధములు. శాస్త్రకారులు దానికి వర్ణభేదమున హద్దులు గీచిరి. పరాశరుఁడు కొంత సడలించెను. లోకము విశేషణమును దీసివేసి మఱికొంత సడలించెను. శాసనము మిగిలినదానిని దీసివేయఁబూనినది. శాసనము త్రోవ నడ్డగించినవానిని దండింపఁగలదు గాని, అరుగుమీఁదివానిని లేపి నిలుపఁజాలదు. అది బాలురు పెద్దలఁ జూచి నేర్చుకొనవలసినదే. గొంతు నాఁపిన గురువును జూచి శిష్యుఁడు నేర్చుకొనును. అయితే యా గురువు ఎవరి శవమునకు గొంతు నాఁపెనో, ఎవరి శవమునకు నాఁపక పాఠము సాగించెనో యదియు నతఁడు నేర్చుకొనును.

కట్టెవలె మట్టిపెల్లవలె దేహమును నేలపై విడిచి బంధువులు మరలిపోవుదురనియు, ధర్మమొక్కటియే వెంటఁ బోవుననియు మనువు నాలుగవ యధ్యాయమునఁ జెప్పినాఁడు. అది మృతుఁడు చేసికొన్న ధర్మము. బాటప్రక్క నిలిచినవాఁడు చేయు ధర్మము ఆ శవము మలుపు తిరుగువఱకే. అంత స్వల్పమైనదానిని గూడఁ గులమడిగి చేయువాఁడు దానిని జేసినవాఁడు గాఁడు.